గుర్రం ఎక్కే ముందు గుర్రపుశాల ఊడవాలి

ఇంటర్ పూర్తయ్యాక అమ్మాయో అబ్బాయో 'గుర్రాలతోనే పనిచేస్తాను, ఆ చదువే చదువుతాను' అంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: అందులో ఉద్యోగాలేముంటాయి? అడగాల్సిన ప్రశ్నే. ఉద్యోగాలున్నాయి. అయితే స్వారీ చేసినందుకు జీతమిచ్చే కొలువులు కొన్నే. గుర్రాన్ని ఆరోగ్యంగా, పనికి సిద్ధంగా ఉంచినందుకు జీతమిచ్చేవి అంతకంటే చాలా ఎక్కువ.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రం లయబద్ధంగా అడుగులేసే స్వారీ పోటీ) జట్టు స్వర్ణం గెలిచింది. ఆసియా క్రీడల గుర్రపు స్వారీలో మనకు 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారం అది. పతకాలు నలుగురి మెడలో పడ్డాయి. ఆ నాలుగు గుర్రాలకు దాణా కలిపినవాళ్లు, మాలీసు చేసినవాళ్లు, లాడాలు కొట్టినవాళ్లు, వైద్యం చేసినవాళ్లు తెర వెనక ఉన్నారు. మీ ఉద్యోగం కూడా వాళ్ల మధ్య ఉండే అవకాశమే ఎక్కువ. కాలేజీని ఆ లెక్కనే ఎంచుకోండి.

పని ఎక్కడుంది?

మనకు దగ్గర్లో హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది. అక్కడ వానాకాలం, చలికాలం రెండు సీజన్లు నడుస్తాయి. ట్రైనర్ల దగ్గర సైసులు (గుర్రాలను చూసుకునేవాళ్లు), రైడింగ్ బాయ్‌లు, లాడాలు కొట్టేవాళ్లు పనిచేస్తారు. జాకీ కావాలన్నా, ట్రైనర్ కావాలన్నా రేస్ క్లబ్ లైసెన్సు తప్పనిసరి. గుర్రపు పిల్లల పెంపకం మీద ఆసక్తి ఉంటే పుణె చుట్టుపక్కల పెద్ద స్టడ్ ఫారాలున్నాయి. ఇవి కాక నగరాల్లోని రైడింగ్ స్కూళ్లు, పోలీసు అశ్వదళాలు, సైన్యంలో రీమౌంట్ వెటర్నరీ కోర్, జైపూర్‌లోని అశ్వికదళం 61వ కావల్రీ ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. రేస్ క్లబ్బుల ఆదాయం పందేలతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ భారం అక్కడి కొలువుల మీద పడకుండా ఉండదు. అందుకే ఒక్క రేసులకే పనికొచ్చే విద్య కాకుండా స్టడ్ ఫారంలో, రైడింగ్ స్కూల్లో, ఆసుపత్రిలో ఎక్కడైనా చెల్లే విద్య సంపాదించుకోవాలి. అది గుర్రం సంరక్షణ.

అసలు నేర్చుకోవాల్సింది

తెల్లవారకముందే శాలలోకి వెళ్లిన పనిమంతుడు ముందు తొట్టి చూస్తాడు. రాత్రి వేసిన దాణా మిగిలిందంటే ఎక్కడో తేడా ఉంది. తర్వాత లద్దె చూస్తాడు: ఎప్పటిలా ఉండలుగా ఉందా, తక్కువ వేసిందా? పడక గడ్డి చెల్లాచెదురైతే రాత్రి పొర్లాడిందేమో అనుకోవాలి. అప్పుడు దవడ కింద వేళ్లు పెట్టి నాడి చూడాలి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఊపిరి 8 నుంచి 16 సార్లు. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగు రావాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే గుర్రం వాంతి చేసుకోలేదు. ఒంటితో పోలిస్తే దాని కడుపు చాలా చిన్నది. అందుకే మేత కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి. ఉలవలు, దాణా ఎంత పెట్టినా గడ్డే ప్రధానం. మేతలో పొరపాటు జరిగితే కడుపుశూల వస్తుంది, అది ముదిరితే ప్రాణమే పోతుంది. మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకోవడం, ముందుకాలితో నేల గీరడం, పడుకోవడం, లేవడం, మళ్లీ పడుకోవడం దాని గుర్తులు. వాటిని వెంటనే పట్టుకుని డాక్టరుకు కబురు చేసే మనిషిని ఏ యజమానీ వదులుకోడు.

కాళ్ల సంగతీ అంతే. గిట్టలో ఇరుక్కున్న మట్టిని, రాళ్లను మడమ వైపు నుంచి ముందుకు తీయాలి. మధ్యలో ఉండే మెత్తటి ముక్కోణపు భాగానికి మొన తగలకూడదు. నాలుగు గిట్టలూ తాకి చూడాలి. మిగతా వాటికంటే ఒకటి వేడిగా ఉంటే ఆ పూట స్వారీ ఆపేయాలి. లాడాలు సుమారు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి విప్పి, గిట్ట చెక్కి, మళ్లీ కొట్టించాలి. ఇదంతా పుస్తకంలో నాలుగు పేజీలకు మించదు. చేతికి అలవాటు కావాలంటే మాత్రం రోజూ చేయాల్సిందే.

చదువు దారులు

మన దేశంలో ఈ రంగానికి గట్టి పునాది పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. తెలంగాణలో రాజేంద్రనగర్ కేంద్రంగా పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. 15 శాతం అఖిల భారత కోటా సీట్లు నీట్ ర్యాంకుతో భర్తీ చేస్తారు. వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా ఎన్‌సీసీలో రీమౌంట్ అండ్ వెటర్నరీ యూనిట్లుంటాయి. కేడెట్‌గా చేరితే పెద్దగా ఖర్చు లేకుండా స్వారీ నేర్చుకోవచ్చు. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే హరియాణాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది.

విదేశాల్లో గుర్రాల నిర్వహణే ఒక డిగ్రీ. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లో హార్ట్‌పురీ అందుకు పేరున్నవి. ఐర్లండ్ నేషనల్ స్టడ్ కోర్సు ఈతల కాలంలోనే సాగుతుంది కాబట్టి అప్పుడే పుట్టే గుర్రపు పిల్లల మధ్యే విద్యార్థులు చదువుతారు. గొడాల్ఫిన్ ఫ్లయింగ్ స్టార్ట్ రెండేళ్ల కోర్సు. ఖర్చంతా నిర్వాహకులదే కానీ ఏటా తీసుకునేది 12 మందిని, అందుకే పోటీ తీవ్రం. లాడాల పని మీద మనసుంటే దాన్నీ తక్కువగా చూడకండి. బ్రిటన్‌లో ఆ పనికి అప్రెంటిస్‌షిప్ చేసి రిజిస్టర్ కావాలి. రిజిస్టర్ కాకుండా లాడం కొడితే చట్టప్రకారం నేరం.

చేరే ముందు అడగండి

ఏ కాలేజీ అయినా, ఏ ప్రైవేటు అకాడమీ అయినా ఫీజు కట్టకముందు ఈ ప్రశ్నలు వేయండి.

వారానికి ఎన్ని గంటలు శాలలో పని ఉంటుంది? పొద్దుటి దాణా, శుభ్రం, మాలీసు విద్యార్థులే చేస్తారా, చూసి ఊరుకుంటారా?

ఎన్ని గుర్రాలున్నాయి, ఒక్కో గుర్రానికి ఎంతమంది విద్యార్థులు? బక్కచిక్కిన, వీపు పుండుపడిన గుర్రాలు కనిపిస్తే అక్కడ నేర్చుకునేది తప్పుడు విద్యే.

గుర్రాల డాక్టరు ఎన్నాళ్లకోసారి వస్తారు? విద్యార్థులను పక్కన నిలబెట్టి చూపిస్తారా?

గత మూడేళ్లలో చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మని అడిగి, స్వయంగా మాట్లాడండి.

సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? యూనివర్సిటీయా, ఏదైనా గుర్తింపు పొందిన సంస్థా, వాళ్లకు వాళ్లేనా?

ఒళ్లు, డబ్బు, భద్రత

ఇది శరీరంతో చేసే పని. ఆదివారం, పండగ అని గుర్రం ఆకలి ఆగదు. మొదట్లో జీతం తక్కువే. అందుకే పెద్ద అప్పు చేసి విదేశీ కోర్సులో చేరేముందు నెలవారీ కిస్తీని మొదటి ఏళ్ల జీతంతో పోల్చి చూసుకోండి. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా తప్పకుండా తీసుకోండి. ధనుర్వాతం టీకా సరైన సమయానికి వేయించుకోండి. హెల్మెట్ లేకుండా ఎక్కకండి. పగ్గాన్ని ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి. గుర్రం బెదిరి పరుగెడితే అది వేళ్లనే కాదు, మనిషినీ ఈడ్చుకుపోతుంది. సరిగ్గా వెనకా, ముక్కు ముందూ దానికి కనిపించదు. అందుకే భుజం పక్క నుంచి, మాట్లాడుతూ దగ్గరకు వెళ్లాలి.

గల్ఫ్ గుర్రపుశాలల్లో ఉద్యోగమని ఏజెంటు వస్తే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో అతని లైసెన్సు చూడండి. వీసాలో రాసిన పని, ఒప్పందంలో రాసిన పని ఒకటేనో కాదో సరిపోల్చాకే సంతకం పెట్టండి.

ముందు ఒక నెల

దరఖాస్తు కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దగ్గర్లోని రైడింగ్ స్కూలుకు వెళ్లి, స్వారీ అడగకుండా, నెల రోజులు తెల్లవారుజాము పని ఇమ్మని అడగండి. లద్దె ఎత్తండి, నీళ్లు మోయండి, గిట్టలు శుభ్రం చేయండి. ఒక పొద్దున అమ్మానాన్నలను కూడా తీసుకెళ్లండి. మీరు ఏ బతుకు కోరుకుంటున్నారో వాళ్లూ కళ్లారా చూడాలి. నెల తర్వాత కూడా మనసు అక్కడే ఉంటే ధైర్యంగా దరఖాస్తు చేయండి. ఏం పనిచేశారో అందులో వివరంగా రాయండి, శాల మేనేజరు చేత ఒక ఉత్తరం రాయించి జత చేయండి. పేరున్న కోర్సులు మార్కులతో పాటు మీరు శాలలో చేసిన పనినీ అడుగుతాయి.