పనిచేయు ఒంటికి తగిన బట్ట

చిరంజీవి అమ్మాయికి నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

విత్తనముల సంస్థలో నీకు ఉద్యోగము దొరికినదనియు, ఇకమీదట పల్నాటి పల్లెలలో పత్తిచేలును మిరపతోటలును తిరిగి చూచుటయే నీ నిత్యకృత్యమనియు తెలిసి మిక్కిలి సంతోషించితిని. చేలలో తిరుగుటకు ఎట్టి బట్టలు కొనవలెనో, తొలి జీతము చేతికి రాకమునుపే అందులకు ఎంత వెచ్చింపవచ్చునో నీవడిగితివి. ఇది చిన్న ప్రశ్న కాదు. మగవారి పనిబట్టలు ఏ సంతకు పోయినను దొరకును. ఆడువారి పనిబట్టలని వేఱుగా కుట్టి అమ్మువారు మన ప్రాంతమున అరుదు. అంగళ్ళలో మనకొఱకు వ్రేలాడదీసినవి పేరంటమునకో కార్యాలయమునకో కుట్టినవే గాని, వంగి లేచుటకు, గట్టు దాటుటకు, నాలుగు గంటలు ఎండలో నిలుచుటకు కుట్టినవి కావు.

నీవు చేనిలో అడుగిడిన మొదటినాడే ఒక సంగతి గమనింపుము. పత్తి తీయువారును మిరపకాయలు కోయువారును అగు స్త్రీలు చీరమీద భర్తదో కొడుకుదో పాతచొక్కా తొడుగుకొని, నిండుచేతులు మణికట్టు వఱకు దించి, మెడదాక గుండీలు పెట్టుకొని, తలకు తువాలు చుట్టుకొని పనిలోనికి దిగుదురు. ఎండిన పత్తికాయ డొప్పల మొనలు ముంజేతులను గీఱును. మిరప ఘాటు చెమటతో కలిసి చర్మమును మండించును. నడిమింటి సూర్యుడు ఎవరినిని ఉపేక్షింపడు. ఈ మూటికిని ఆ చొక్కాయే వారి రక్ష. చదువుకొన్నదానను గదా అని దానిని చులకనగా చూడకుము. అనుభవము నేర్పిన పనిబట్ట అది. దానిలోని లోపమొక్కటే: అది వారి కొలతకు కుట్టినది కాదు. భుజము క్రిందికి జాఱును, చేతులు వ్రేళ్ళను కప్పును, తుంటి దగ్గఱ పట్టివేయును. కావున ఆ చొక్కానే నీ కొలతకు కుట్టించుకొనుమని నా మొదటి సలహా.

మంగళగిరిలో మీ తాతగారు గుంటమగ్గముపై నేయు దినములలో నేను కండెలు చుట్టుచు పెరిగినదానను గనుక, గుడ్డ సంగతి కొంత చెప్పగలను. నూలు నెంబరు పెరిగినకొలది పోగు సన్నబడును. 80, 100 నెంబరు నూలుతో నేసిన నాజూకు వస్త్రము పండుగకు తగును. పనికి 20 మొదలు 40 వఱకు గల నెంబరు నూలుతో ఒత్తుగా నేసినది కావలెను. దుకాణములో తానును వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుము. పడుగు పేకల నడుమ వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడినచో ఆ గుడ్డ ముళ్ళకు ఆగదు. అంచును రెండు బొటనవ్రేళ్ళ నడుమ గట్టిగా నలుపుము. తెల్లని పొడి రాలినయెడల ఆ దిట్టతనము గంజిదే గాని నూలుది కాదు, రెండు ఉతుకులతో పలుచబడిపోవును. ఒక మూలను తడిపి తెల్లని చేతిరుమాలుకు రాచినచో రంగు నిలుచునో లేదో తెలియును. అంగడివాడు స్వచ్ఛమైన నూలనినను సందేహము తీఱనిచో, ఒక పోగు లాగి వెలిగించి చూడుము: నూలు కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును, పాలిస్టరు కరగి ముడుచుకొని గట్టి నల్లపూస యగును.

అట్లని పాలిస్టరు కలిసినదెల్ల వర్జ్యమని నేననను. టెరికాటను గుడ్డ రాపిడికి ఓర్చును, త్వరగా ఆరును, ధరయు అందుబాటులో నుండును. వానకాలమున బురదలో తిరుగు దినములలో పంట్లామునకు అది మంచిదే. ఎండకాలపు పంట్లామునకు ఏటవాలు గీతల నేతగల జీనుగుడ్డను మించినది లేదు. చెమట పీల్చవలసిన పైబట్ట మాత్రము నిక్కమైన నూలుదే కావలెను.

గుడ్డ ఎంత మంచిదైనను కుట్టు చెడినచో శ్రమ వ్యర్థము. నూలుగుడ్డ తొలి తడికి గజమునకు ఒకటి రెండంగుళములు కుదియును గనుక, రాత్రియంతయు నీటిలో నాననిచ్చి, ఆరవేసిన పిదపనే దర్జీకి ఇమ్ము. చంకలోను కాళ్ళ జోడింపులోను రెండు వరుసల కుట్టు వేయుమనుము. చొక్కా మొదట చినుగునది చంకలోనే గనుక అచ్చట నలుపలకల గుడ్డముక్క నొకటి చేర్చుమనుము. చేయి పైకెత్తినపుడు అది కుట్టుపై బరువు పడనీయదు. లోపల అంగుళము గుడ్డ వదలవలెను. జేబులు రెండు, ఫోనును కొలతపట్టియును చిన్నపుస్తకమును పట్టునంత లోతుగా, జీనుగుడ్డ అస్తరుతో కావలెను. ఆడువారి బట్టకు జేబెందుకని దర్జీ అడిగినచో నవ్వి ఊరుకొనక గట్టిగా చెప్పి కుట్టించుకొనుము. నడుమునకు ఎలాస్టిక్కుకంటె బొందు మేలు. అది చెడినచో ఇంటనే మార్చుకొనవచ్చును. చున్నీ కొమ్మలకు చిక్కుకొనును గనుక దానిబదులు తువాలు తలకు చుట్టుకొనుము.

రంగు విషయము మీ వృత్తికి ప్రత్యేకముగా చెప్పవలెను. తెల్లదోమకై పసుపుపచ్చని జిగురు అట్టలును, తామరపురుగుకై నీలిరంగు అట్టలును చేలలో కట్టుట నీకు తెలిసినదే. ఆ రంగులే పురుగులను పిలుచునపుడు ఆ రంగు చొక్కాతో నీవు తోటలోనికి పోరాదు. నలుపు ఎండను పీల్చును, తెలుపు మరకకు ఓర్వదు. మట్టిరంగో బూడిదరంగో ఉత్తమము.

వ్యయమందువా, మూడు జతలు చాలును: ఒకటి ఒంటిమీద, ఒకటి తీగమీద, ఒకటి పెట్టెలో. చౌకయనగా బిళ్ళమీది అంకె కాదు. 300 రూపాయల చొక్కా ఆఱు నెలలలో చినిగినచో రెండేండ్లకు 1200 అగును. 600 పెట్టి కుట్టించినది ఆ రెండేండ్లును నిలిచినచో సగము సొమ్ము మిగులును. విజయవాడ వస్త్రలత బట్టల బజారులో టోకు దుకాణములున్నవి. కట్ పీసుల అంగళ్ళలో చొక్కాకు చాలు ముక్కలు తక్కువకు దొరకును. ఆప్కోవారును ఖాదీభండారములవారును తగ్గింపు ప్రకటించు దినములు కనిపెట్టియుండుము. ముతక ఖద్దరు పనికి ఎంతయు మేలు.

పురుగుమందు కొట్టిన చేనికి పోయివచ్చిన నాడు ఆ బట్టలను ఇంటివారి బట్టలతో కలపక, ఆ సాయంకాలమే వేఱుగా సబ్బుతో ఉతుకుము. చెమట ఉప్పు నిలువయుండిన గుడ్డ చివుకును గనుక తక్కిన దినములలోను ఇంటికి రాగానే నీటిలో జాడింపుము. గంజి పెట్టకుము, తిరుగవేసి నీడలో ఆరవేయుము.

ఇక నీకొక పని అప్పగించుచున్నాను. నీ చొక్కా చక్కగా అమరినదని తోచిన పిమ్మట, దాని మాదిరిని కాగితముపై కత్తిరింపించి దానిని కుట్టిన దర్జీయొద్దనే ఉంచుము. మీ సంస్థ చేలలో కూలికి వచ్చు స్త్రీలకు ఏటికి రెండేసి చొక్కాలు వారివారి కొలతలకు కుట్టించి ఇమ్మని నీ పైవారిని అడుగుము. ఒకసారి కాదన్నచో మఱల అడుగుము. పనికి వచ్చిన స్త్రీకి ఆ పనికి తగిన బట్ట ఇచ్చుట దయ కాదు, పని చేయించుకొనువారి బాధ్యత. ఆ మాట వారికి చెప్పుటకు నీవు మొగమాటపడవలదు.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ మేనత్త