పర్యావరణం: శాకాహారం - మీథేన్ లెక్క

వాతావరణ మార్పులు అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులు బొగ్గు, పెట్రోలు చదివి పుస్తకం మూసేస్తారు. తిండిని వదిలేస్తారు. మానవ చర్యల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో పశుపోషణ వాటా 14.5 శాతమని రోమ్ కేంద్రంగా పనిచేసే ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) 2013లో అంచనా వేసింది.

ఆవు, గేదె, గొర్రె, మేక నెమరువేసే జంతువులు. వాటి జీర్ణాశయంలోని మొదటి గది రూమెన్. అక్కడి మీథనోజెన్‌లు అనే సూక్ష్మజీవులు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లతో మీథేన్ తయారుచేస్తాయి. ఇవి బ్యాక్టీరియా కాదు, ఆర్కియా. తప్పు ఆప్షన్ ఇచ్చేది ఇక్కడే. ఈ వాయువు ఎక్కువగా త్రేన్పుల ద్వారానే బయటికొస్తుంది. నూరేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడి పెంచుతుంది. గాలిలో నిలిచేది మాత్రం 12 ఏళ్లే. అందుకే దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. కోడి నెమరు వేయదు, కాబట్టి దాని వాటా చాలా తక్కువ.

శాకాహారమంతా నిర్దోషి అనుకోవద్దు. నీరు నిలిచిన వరి మడి కూడా మీథేన్ వదులుతుంది. అదే కంది, పెసర వంటి పప్పుధాన్యాల వేళ్లలో రైజోబియం నత్రజనిని స్థిరీకరిస్తుంది. దాంతో యూరియా వాడకం తగ్గితే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో హరితగృహ వాయువు కూడా తగ్గుతుంది. మాంసం తగ్గించమన్న సలహా ప్రధానంగా సంపన్న దేశాలకే వర్తిస్తుంది. మన తలసరి వినియోగం తక్కువ.

గుర్తుంచుకోండి: పప్పుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరం 2016, చిరుధాన్యాలది 2023. భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ హైదరాబాద్‌లో ఉంది. 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గించాలన్న ప్రతిజ్ఞ 2021 గ్లాస్గో సదస్సులో వెలువడింది. భారత్ అందులో చేరలేదు.