మన తరువాత వారికి దిక్కెవరు?

పాఠ్యభాగము: లూకా 10:30–35

బుద్ధి వికాసము మందగించిన బిడ్డను కన్నవారికి నిద్ర పట్టనియ్యని ప్రశ్న యొకటి కలదు: “మేము పోయిన తరువాత వీనికి దిక్కెవరు?” ఇందునుబట్టి కొన్ని కుటుంబములు చిన్న యిల్లొకటి ఏర్పరచి, అట్టివారిని కొద్దిమందిని అందులో నివసింపజేయుచున్నవి. సికింద్రాబాదులో 1991లో మొదలైన స్వయంకృషి సంస్థ ఇట్టి యిండ్లను నడిపినది. మన బోనకల్ ప్రాంతమున అట్టి యింటిని తలపెట్టువారు సమరయుని చూచి నేర్చుకొనవలెను. అతడు మూడు పనులు చేసెను.

మొదటిది, తన చేతులతోనే గాయములు కట్టెను. ఆ యింటిలో కనిపెట్టుకొనియుండు మనిషికి మన బిడ్డ యలవాట్లు, మందులు, భయములు మనమే దగ్గరనుండి నేర్పవలెను.

రెండవది, పూటకూళ్లవానికి రెండు దేనారములు, అనగా రెండు దినముల కూలి, ముందుగా చెల్లించెను. జాలి యొక్కటే చాలదు. బియ్యము, జీతము, వైద్యము, అన్నిటికిని లెక్క వ్రాసి మొదలుపెట్టవలెను.

మూడవది, మరల వచ్చి మిగిలిన ఖర్చు తీర్చెదనని మాట యిచ్చెను. మన మరణముచేత ఈ మాట తప్పిపోరాదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టమునుబట్టి, 18 ఏండ్లు నిండిన అట్టివారికి జిల్లా కలెక్టరుగల స్థానిక కమిటీ సంరక్షకుని నియమించును. అతడు ఏటేట లెక్క చూపవలెను.

ఒక్క తల్లి ఓపికమీద నిలిచిన యిల్లు ఆమె మంచము పట్టిననాడే కూలును. గనుక గోడలు లేపకమునుపే, మనకు మారుగా ఆ తలుపు తట్టి మంచిచెడ్డలు విచారించువాడెవడో నిర్ణయించుకొనుడి.

ఆలోచించుటకు: మన వీధిలో అట్టి బిడ్డ యున్నయెడల, వాని తల్లికి ఒక్క దినమైనను విశ్రాంతి నిచ్చితిమా?