సముద్రంలో హాజరు పట్టీ

రాత్రి హాజరు వేళ కరెంటు పోయిందనుకుందాం. వార్డెన్ గారికి ముఖాలు కనిపించవు. 'ప్రెజెంట్ సార్' అన్న గొంతులను బట్టే లెక్క వేసుకోవాలి. నీటి అడుగున ఉండే జంతువులను శాస్త్రవేత్తలు లెక్కించేదీ దాదాపు ఇలాగే. మా ఇళ్ళల్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి తరం మేము. ఇప్పుడు పి.జి.లో జంతుశాస్త్రం చదువుతున్నాం. ఈ పద్ధతిని జూనియర్లకు వాకీటా ఉదాహరణతో వివరిస్తాం.

వాకీటా అంటే ఏమిటి?

వాకీటా డాల్ఫిన్‌కు చుట్టమైన పోర్పాయిస్ జాతి సస్తన జీవి. స్పానిష్ భాషలో ఈ మాటకు చిన్న ఆవు అని అర్థం. పొడవు సుమారు మీటరున్నర. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తర కొసలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. 1958లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించారు.

ఎందుకు తగ్గిపోయింది?

వేటగాళ్ళ గురి వాకీటా మీద కాదు, టోటోఅబా చేప మీద. మన కాకినాడ తీరంలో వేలల్లో, లక్షల్లో ధర పలికే కచిడి చేపది కూడా ఇదే కుటుంబం. రెండింటికీ ధర పొట్టలోని గాలితిత్తి వల్లనే. టోటోఅబా వేటను 1975లోనే నిషేధించినా, చైనాలో గిరాకీ ఉండటంతో దొంగచాటుగా వలలు వేస్తున్నారు. ఆ గిల్‌నెట్ వలల్లో చిక్కిన వాకీటా గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక ప్రాణం విడుస్తుంది.

ఎలా వింటారు?

వాకీటా పడవలకు దూరంగా తొలగిపోతుంది. పైకి వచ్చినా క్షణంలో మునుగుతుంది. అందువల్ల కంటితో లెక్కించడం కష్టం. అయితే గబ్బిలం లాగా ఇది కూడా దారి కోసం, తిండి కోసం 'క్లిక్' శబ్దాలు చేస్తుంది. వాటి పౌనఃపున్యం సుమారు 1,40,000 హెర్ట్‌జ్. మన చెవి వినగలిగేది 20,000 వరకే. 2011 నుంచి ఏటా వేసవిలో 46 చోట్ల సి-పాడ్ అనే పరికరాలను నీటిలో దించారు. ప్రతి క్లిక్ ఏ సమయంలో వచ్చింది, ఎంతసేపు ఉంది, పౌనఃపున్యం ఎంత అన్నవి ఇవి నమోదు చేస్తాయి.

లెక్క ఎలా వేస్తారు?

హాజరులో ఒకడే ముగ్గురి తరఫున పలకవచ్చు కదా! అలాగే ఒకే వాకీటా వందల క్లిక్‌లు చేయవచ్చు. కాబట్టి శబ్దం నేరుగా తలల సంఖ్య చెప్పదు. అవే చోట్ల, అదే కాలంలో, అవే పరికరాలతో ఏటా వింటే నిరుటి కంటే ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చెబుతుంది. తలల సంఖ్య కోసం ఓడ మీద నుంచి చూసిన లెక్కను దీనికి జతచేస్తారు.

1997 సర్వే అంచనా 567. 2015లో చూసినవీ విన్నవీ కలిపి వేసిన అంచనా సుమారు 59. మరుసటి ఏడాదికి శబ్దాలు 49 శాతం తగ్గాయి. అంటే మిగిలింది 51 శాతం. 59 × 51 ÷ 100 = సుమారు 30. హైస్కూల్లో మనం నేర్చుకున్న శాతాల లెక్కే ఇది!

ఈ లెక్క వల్ల ప్రయోజనం ఏమిటి?

శబ్దాల లెక్క చూసి 2014లో నిపుణులు హెచ్చరించారు. 2015లో మెక్సికో ప్రభుత్వం గిల్‌నెట్లను రెండేళ్ళపాటు నిషేధించింది. 2017లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. అయినా దొంగ వేట ఆగలేదు. 2024 సర్వేలో కనిపించినవి 6 నుంచి 8 మాత్రమే. అంతకు ముందు ఏడాది పిల్ల కూడా కనిపించింది కనుక ఆశ పూర్తిగా పోలేదు. అయితే వల వదిలిన జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? దీనికి జవాబు లేని చట్టం కాగితం మీదే మిగిలిపోతుందని మా అభిప్రాయం. కూలి దొరకని రోజు ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన మనం ఈ ప్రశ్న తప్పక అడగాలి.

మీరు చేసి చూడండి

2011 నుంచి 2015 వరకు వాకీటాలు ఏటా సగటున 34 శాతం తగ్గాయి. అదే వేగంతో తగ్గితే 100 వాకీటాలు మూడేళ్ళకు ఎన్ని అవుతాయి? (జవాబు: సుమారు 29)