పెద్దలను సన్మానించుట: ఇడైసేవల్ గ్రామము నుండి ఒక పాఠము



మన సంఘములలో ఎవరికైనను 80 ఏండ్లు నిండినప్పుడు ఆరాధన ముగిసిన తరువాత వారిని ముందుకు పిలిచి, శాలువ కప్పి, దండ వేసి, ఫోటో తీసి, భోజనములకు వెళ్లుచున్నాము. ఇది మంచి పనియే. అయితే కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో అట్లు శాలువ కప్పించుకొన్న ఒక తల్లి మరుసటి ఏడే మరణించెను. భూస్థాపన కూటములో చదువుటకు ఆమె జీవితమును గూర్చి ఒక పేజీ వ్రాయుమని మమ్మును అడిగిరి. ఎన్నో ఏండ్లు ఆమెతో కలిసి ఒకే మందిరములో కూర్చున్న మేము ఆరు పంక్తులు వ్రాసి ఆగిపోతిమి. ఆమె ఊరు విడిచి వచ్చిన దినమున చేతిలో ఏమున్నదో, పిల్లల ఫీజులు ఎట్లు కట్టినదో, రాత్రివేళ ఎందరి పురిటిండ్లకు నడిచి వెళ్లినదో మాకు తెలియదు. ఆమె పిల్లలకు కూడ సగమే తెలియును. ఆమె బ్రదికియుండగా మేము అడుగలేదు. తప్పు మాదే. ఈ పాఠము ఆ తప్పులో నుండి పుట్టినది.

విరుదునగర్ నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్ల దారి. ఇరుప్రక్కల నల్లరేగడి నేల. తమిళులు దానిని కరిసల్ అందురు. వాన పడితేనే పంట. ప్రత్తి, జొన్న, సజ్జ పండించిన ఈ నేలమీద తరువాతి కాలములో అగ్గిపెట్టెల పరిశ్రమ కూడ పెరిగినది. విజయనగర రాజుల కాలమునను మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు తరలిపోయిన తెలుగు కుటుంబములు ఇక్కడ అనేక గ్రామములలో స్థిరపడినవి. నేటికిని ఎన్నో ఇండ్లలో లోపల తెలుగు, వీధిలో తమిళము. తెలుగు మాటలాడుదురు గాని తెలుగు అక్షరములు చాలమందికి రావు. ఆ మాటకు వచ్చినయెడల మన మనుమలలో ఎందరికి వచ్చును?

విరుదునగర్ జిల్లాలోని రాజపాళయమునకు చెందిన తెలుగు పెద్ద పి. ఎస్. కుమారస్వామి రాజా గారు 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి. తన సొంత ఇంటిని గాంధీ కలై మన్రమునకు ఇచ్చివేసిరి. అట్టివారి సేవను ప్రభుత్వ దస్త్రములు కాపాడును. దస్త్రము లేనివారి సంగతి ఏమి? మనము ఇక్కడ తలంచవలసినది వారిని గూర్చియే.

కోవిల్‌పట్టికి దక్షిణముగా, తిరునెల్వేలి పోవు మార్గములో ఇడైసేవల్ అను గ్రామము ఉన్నది. 1923 సెప్టెంబరు 16న అక్కడ తెలుగు మాటలాడు రైతు కుటుంబములో కి. రాజనారాయణన్ గారు పుట్టిరి. తమిళ పాఠకులు ప్రేమగా ‘కి. రా.’ అందురు. ఆయన హైస్కూలు చదువు పూర్తి చేయలేదు. వాన పడుచున్నదని బడిలోనికి దూరితిని గాని, లోపల కూడ వాననే చూచుచు కూర్చుంటినని తన చదువును గూర్చి తానే నవ్వుచు చెప్పుకొనెడివారు. సేద్యము చేసిరి, రైతుల పోరాటములలో జైలుకు వెళ్లిరి. మొదటి కథ అచ్చయినప్పుడు ఆయన వయస్సు సుమారు 35. అదే ఊరిలో, అదే సంవత్సరమున పుట్టిన కు. అళగిరిసామి గారు ఆయనకు ప్రాణ స్నేహితుడు, ఆయనయు రచయితయే. ఒక చిన్న పల్లెటూరు ఇద్దరు సాహిత్య అకాడమీ బహుమాన గ్రహీతలను కనుట అరుదైన సంగతి.

కి. రా. గారు చేసిన పనిని కొంచెము నిదానముగా గమనింపవలెను. ఆయన తన నేలలోని ముసలివారి యొద్ద కూర్చుండి మాటలు, కథలు, సామెతలు ఏరుకొనిరి. ఆ మాటలతో 1982లో కరిసల్ ప్రాంతపు వాడుక పదములకు ఒక నిఘంటువు వెలువరించిరి. ఇట్టి పని మన తెలుగునాట అంతకు ముందే జరిగినది: భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశములో వ్యవసాయ పదముల సంపుటము 1962లోను, చేనేత పదముల సంపుటము 1971లోను వచ్చినవి. అక్కడ అకాడమీ వెనుక నిలిచినది. ఇక్కడ పూనుకొన్నవాడు ఒక రైతు.

1976లో వచ్చిన ఆయన నవల ‘గోపల్ల గ్రామం’. తెలుగు కుటుంబములు ఒక ఆడపిల్లను కాపాడుకొనుటకు ఊరు విడిచి దక్షిణమునకు పోయి, అడవి నరికి పొలము చేసికొన్న కథ అది. ఆ ప్రయాణమంతయు చెప్పునది నూరేండ్లు ఎప్పుడో దాటిన ఒక ముత్తవ్వ. ఆమె చెప్పును, ఇంటివారు చుట్టును కూర్చుండి విందురు. వినుట ఆగినయెడల ఆ వంశమునకు తాము ఎక్కడనుండి వచ్చితిమో తెలియకుండ పోవును. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది.

1989లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయము ఆయనను జానపద కథలను గూర్చి పని చేయుటకు ఆచార్యునిగా పిలిచినది. అప్పటికి వయస్సు అరువది దాటినది, చేతిలో డిగ్రీ లేదు. టీచర్ ట్రైనింగు సర్టిఫికేటు కొరకు ఎంతో ప్రయాసపడిన మాకు ఈ సంగతి మొదట కొంచెము మింగుడుపడలేదని ఒప్పుకొనుచున్నాము! తరువాత ఆలోచించితిమి. ఆయన 2021 మే 17న మరణించినప్పుడు తమిళనాడు ప్రభుత్వము ఇడైసేవల్‌లో రాజ లాంఛనములతో అంత్యక్రియలు జరిపించినది. కోవిల్‌పట్టిలో కట్టిన స్మారక మందిరము 2022లో తెరువబడినది. ఇవన్నియు యోగ్యమైన గౌరవములే. అయినను మా దృష్టికి 1989లో జరిగినదే గొప్ప సన్మానము. ఏలయనగా అప్పుడు ఆయన బదులు చెప్పగలిగియుండెను.

మరియొక మాట. అట్టి ఇంటికి వచ్చిపోవువారు ఎందరో. వారికి వండి వడ్డించుట ఆయన భార్య గణవతి అమ్మాళ్ గారి పని. ఆమె 2019లో మరణించిరి. మన సన్మాన పత్రములలో భార్య పేరు చివరి వాక్యములో ‘సహకరించినది’ అని మాత్రము వచ్చును. ఇకమీదట ఆమెకు వేరుగా ఒక పేజీ ఉంచవలెనని మా మనవి.

ఇప్పుడు పని సంగతి. ట్రైనింగులో మాకు నేర్పినది ఏమనగా, తెలిసినదాని నుండి తెలియనిదానికి, వస్తువు నుండి భావమునకు పోవలెను. పెద్దవారి యొద్దకు వెళ్లి ‘మీ జీవిత విశేషములు చెప్పండి’ అని అడిగినయెడల ‘ఏముంది బాబూ, అంతా దేవుని దయ’ అని ఊరకుందురు. దానికి బదులు ‘మొదటి కూలి ఎంత? ఎవరు ఇచ్చిరి? దానితో ఏమి కొంటిరి?’ అని అడుగుడి. పనిముట్టు పేరు అడుగుడి. రైలు దిగిన రాత్రి ఎక్కడ పండుకొనిరో అడుగుడి. వారు పలికినట్లే వ్రాసికొనుడి. మన బడి తెలుగులోనికి మార్చవద్దు. అలసటపడినయెడల ఆపుడి. బాధ గల సంగతి వచ్చినప్పుడు పెన్ను మూసి వినుడి. వ్రాసినది వారికి చదివి వినిపించి, వద్దన్నది తీసివేయుడి. యౌవనస్థులు ఇద్దరు ఇద్దరుగా వెళ్లుట మంచిది: ఒకరు అడుగుటకు, ఒకరు వ్రాయుటకు. ఫోనులో రికార్డు చేయుటకు ముందు అనుమతి అడుగుడి.

మా సంఘములో దీనిని ప్రారంభించితిమి. ప్రకాశం జిల్లా నల్లరేగడి పొలములలో పెరిగి ఇటు వచ్చిన పెద్దాయన మా మొదటి గురువు. పదవ తరగతి చదువుచున్న ఆయన మనుమరాలు నోటు పుస్తకము తెరిచి కూర్చుండెను. ఆయన మొదట చెప్పిన మాట ‘జడ్డిగము’. అనగా ఏమి తాతయ్యా అని ఆ బిడ్డ అడిగెను. గొర్రుకు పైన గింజలు పోయు గిన్నె అని చెప్పెను గాని ఆమెకు గొర్రు అనగా జీవాలలో గొఱ్ఱెయే గుర్తుకు వచ్చినది. అందరము నవ్వితిమి. పెద్దాయన నవ్వుచునే పెన్ను ఇటు ఇమ్మని చేయి చాపి, బొమ్మ గీయుటకు మొదలుపెట్టెను.