పిల్లల నఫఖా: తండ్రి సంపాదన అంటే ఏది?

కొల్లేరు ఒడ్డున ఒక గ్రామానికి చెందిన దంపతులు ఖులా ద్వారా విడిపోయారు. ఎనిమిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు తల్లితోపాటు ఏలూరులో అమ్మమ్మ ఇంట్లో ఉన్నారు. పిల్లల ఖర్చు ఎంత ఇవ్వాలో తేల్చమని ఇరుపక్షాల పెద్దలు మస్జిదులో కూర్చుని మమ్మల్ని పిలిచారు. తండ్రికి అయిదెకరాల చేపల చెరువు లీజు ఉంది. “చివరి పట్టుబడికి ఇరవై లక్షలు వచ్చాయి. పది నెలల పంట. అంటే నెలకు రెండు లక్షలు” అన్నాడు అమ్మాయి అన్నయ్య. “నా చేతిలో మిగిలేది నెలకు తొమ్మిది వేలు” అన్నాడు తండ్రి.

నిజం చెప్పాలంటే మొదట మేము కూడా ఆ ఇరవై లక్షల దగ్గరే ఆగిపోయాము. మద్రసాలో ఫిఖహ్ గ్రంథాలు చదివాము గానీ చెరువు లెక్క మాకు తెలియదు. లీజు అయిదు లక్షలు, మేత ఎనిమిదిన్నర లక్షలు, శీలావతి, బొచ్చె పిల్లలకు లక్షా ఇరవై వేలు, కరెంటు, మందులు, వలకూలీ కలిపి లక్షన్నర అని ఆయన చీటీలు తీసి చూపించాడు. మొత్తం పదహారు లక్షల ఇరవై వేలు. మిగిలింది మూడు లక్షల ఎనభై వేలు, అంటే నెలకు ముప్ఫై ఎనిమిది వేలు. ఇంతవరకు న్యాయం ఆయన వైపే ఉంది. మేత లేనిదే చేప లేదు, చేప లేనిదే సంపాదన లేదు. దానికి పెట్టిన ఖర్చును తీసివేయవలసిందే.

మరి ముప్ఫై ఎనిమిది తొమ్మిదికి ఎలా దిగింది? కారు వాయిదా పదకొండు వేలు, కొత్త డాబా అప్పు పన్నెండు వేలు, చిట్టీ ఆరు వేలు. (అప్పులోని వడ్డీ సంగతి వేరే చర్చ.) చిట్టీ కట్టిన డబ్బు ఎక్కడికీ పోలేదు, అది ఆయన సొమ్ముగానే ఉంది. కారు లేకపోయినా చెరువు నడుస్తుంది. తలదాచుకునే ఇల్లు అవసరమే, కాదనము. కానీ తండ్రి డాబాకు ఉన్న హక్కు, అమ్మమ్మ ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటున్న పిల్లల కడుపుకు లేదా?

దివ్యఖుర్ఆన్ తలాఖ్ సూరా 7వ ఆయతు కలిగినవాడు తన కలిమిని బట్టి, ఉపాధి తక్కువైనవాడు అల్లాహ్ ఇచ్చినదానిలో నుంచే ఖర్చు చేయాలని ఆదేశిస్తుంది. ఆ ఆయతులో కొలత తండ్రి కలిమి, ఆయన కోరికలు తీరగా మిగిలిన చిల్లర కాదు. బఖరా సూరా 233వ ఆయతు పోషణ భారాన్ని తండ్రిపై ఉంచుతూనే, ఎవరినీ శక్తికి మించి ఇబ్బంది పెట్టరాదని హద్దు కూడా గీసింది. నెలకు రెండు లక్షలని వాదించిన అన్నయ్యకు ఆ హద్దు వర్తిస్తుంది. భర్త చాలినంత ఇవ్వడం లేదని హజ్రత్ హింద్ (రజి) మొరపెట్టుకున్నప్పుడు, ఆయనకు చెప్పకుండానే తనకూ పిల్లలకూ మర్యాదగా సరిపోయేంత తీసుకోవచ్చని మహాప్రవక్త (స) అనుమతించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

మన హనఫీ పండితులు మరో మాట కూడా చెప్పారు. తండ్రి పేదవాడైనా పనిచేయగల శక్తి ఉంటే సంపాదించి పోషించాలి. తల్లి కలిగినదైతే ఆమె ఖర్చు పెట్టవచ్చు, కానీ అది తండ్రిపై అప్పుగా నిలుస్తుంది. తల్లి కువైట్ వెళ్ళి సంపాదిస్తోందని చేతులు దులుపుకునే సోదరులు ఈ మాట గమనించాలి. పిల్లల పేరున సొంత ఆస్తి ఉంటే మాత్రం ముందు దానిలో నుంచే ఖర్చు చేస్తారు.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీకి జీతం చీటీ ఉండదు. అతని సంపాదన లేదని కాదు. ఏడాదిలో పని దొరికిన రోజులు, దొరకని రోజులు కలిపి సగటు చూడాలి. ఉద్యోగికైతే పన్ను, తప్పనిసరి కోతలు పోగా చేతికొచ్చేది చూడాలి, ఓవర్‌టైము కూడా కలపాలి.

కోర్టుకు వెళ్ళినా దాదాపు ఇదే ప్రశ్న ఎదురవుతుంది. తలాఖ్ అయిన ముస్లిం తల్లి దగ్గర ఉన్న పిల్లలకు 125వ సెక్షను కింద హక్కు ఉందని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షను స్థానంలో కొత్త చట్టంలోని 144వ సెక్షను వచ్చింది. 2015లో షమీమా ఫారూఖీ కేసులో, భర్త స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేశాడని భార్య భరణం తగ్గించడాన్ని కోర్టు అంగీకరించలేదు. 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పు ఇరుపక్షాలూ ఆస్తి, అప్పుల వివరాలను ప్రమాణపత్రంలో దాఖలు చేయాలంది. వ్యవసాయదారులకు వేరే నమూనా కూడా ఇచ్చింది. తల్లికి తగిన సంపాదన ఉంటే పిల్లల చదువు ఖర్చు ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చని కూడా అదే తీర్పు అంది. ఇక్కడ ఫిఖహ్ తీరు వేరని పాఠకులు గుర్తించగలరు.

ఆ రోజు మస్జిదులో తండ్రి చివరిగా, “సరే, పట్టుబడి అయ్యాక ఒకేసారి ఇస్తాను” అన్నాడు. పక్కనే ఉన్న ఆయన మేనమామ, తానూ చెరువు రైతే, “చేపకు మేత అరువు తెచ్చయినా రోజూ వేస్తున్నావు కదరా అబ్బాయ్” అన్నారు. మాకు తోచని మాట అది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తరువాత ఇద్దరి సమ్మతితో కాగితం రాశాము. నెలకు పన్నెండు వేలు అయిదో తారీఖు లోపు ఇవ్వాలి. స్కూలు ఫీజు పట్టుబడి కాగానే ఆయనే నేరుగా స్కూల్లో కట్టాలి. రోగం వచ్చి గానీ వరద వచ్చి గానీ చెరువు పోతే లెక్క మళ్ళీ చూడాలి, పంట బాగా పండినా మళ్ళీ చూడాలి. మొదటి నెల డబ్బు అక్కడే లెక్కపెట్టి, మేనమామ చేతుల మీదుగా పిల్లల అమ్మమ్మకు పంపారు.