అల్ప పీడనమున వాయు ప్రవాహము

గొట్టములో వాయువు ఏల ప్రవహించును? ఒక కొనయందు పీడనము హెచ్చు, రెండవ కొనయందు తక్కువ. అందుచే వెనుకనున్న వాయువు ముందున్నదానిని నెట్టునని మనమందరము చదువుకొన్నాము. సాధారణ పీడనమున ఇది సత్యమే. కాని వాయువు మిక్కిలి పలుచనైనపుడు ఈ భావన చెల్లదు. ఈ సంగతిని మేము ప్రయోగశాలలో ఒక పొరపాటు మూలమున నేర్చుకొంటిమి.

ఒక గాజుపాత్రను 1 సెంటీమీటరు వ్యాసము, 1 మీటరు పొడవుగల గొట్టముతో పంపునకు కలిపితిమి. పాత్రలో పీడనము 0.001 మిల్లీమీటరు పాదరసమునకు దిగవలెనని మా ఆశ. అది దానికి పైననే నిలిచిపోయినది. పంపును నిందించితిమి, నూనె మార్చితిమి, అతుకులకు గ్రీజు పూసితిమి. ఫలితము శూన్యము. దోషము గొట్టములోనే ఉన్నది.

ఒక అణువు మరొక అణువును ఢీకొనులోపల పయనించు దూరపు సగటును సగటు స్వేచ్ఛాపథము అందురు. వాతావరణ పీడనమున గాలిలో ఇది మిల్లీమీటరులో పదివేలవ వంతుకన్న తక్కువ, 0.001 మిల్లీమీటరు పీడనమున దాదాపు 5 సెంటీమీటర్లు. అట్టి స్థితిలో మా గొట్టమున అణువునకు తోటి అణువు ఎదురగుట అరుదు, గోడయే ఎదురగును. గోడను తాకిన అణువు తాను వచ్చిన దిశను మరచినట్లు ముందునకైనను, వెనుకకైనను మరలును. పంపు దానిని లాగజాలదు. తన ద్వారమునకు చేరినదానిని మాత్రమే తొలగించును. ఈ ప్రవాహమును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు మార్టిన్ క్నూడ్సెన్ 1909లో ప్రయోగపూర్వకముగ వివరించెను.

పొడవైన గొట్టమునకు లెక్క సులభము. సెంటీమీటర్లలో వ్యాసపు ఘనమును 12తో గుణించి పొడవుచే భాగించినచో, గది ఉష్ణోగ్రతలో సెకనుకు ఎన్ని లీటర్ల గాలి పోగలదో తెలియును. మా గొట్టమునకు వచ్చినది 0.12 లీటరు! పాత్ర గోడలనుండి సదా వెలువడు కొద్దిపాటి వాయువునకే ఆ దారి చాలలేదు. సెకనుకు 100 లీటర్ల పంపును అమర్చినను అంతకు మించి పోదు. పలుచని రేకులోని రంధ్రమునకు సైతము హద్దు కలదు: చదరపు సెంటీమీటరునకు సెకనుకు సుమారు 11.6 లీటర్లు.

తుదకు 2 సెంటీమీటర్ల వ్యాసము, 20 సెంటీమీటర్ల పొడవుగల గొట్టమును అమర్చితిమి. లెక్కప్రకారము 4.8 లీటర్లు, అనగా నలుబది రెట్లు. పాత పంపుతోనే పీడనము దిగినది.

కనుక సోదర విద్యార్థులారా! పంపు శక్తిని శంకించుటకు ముందు, అణువునకు మనమిచ్చిన దారి ఎట్టిదో కొలిచి చూతము.